డయాన్ బూసికో నాటకాల్లో ఏది ముందు చదవాలి, ఏది తర్వాతకి వదిలేయొచ్చు

పందొమ్మిదో శతాబ్దపు ఐరిష్ నాటకకర్త, నటుడు డయాన్ బూసికో పేరు మీద దాదాపు 150 నాటకాలున్నాయి. సొంతంగా రాసినవి కొన్ని, ఫ్రెంచి నాటకాలను తిరగరాసినవి చాలా, నవలల్లోంచి తీసుకున్నవి ఇంకొన్ని, ఇవి కాక ఒకే నాటకానికి ఊరి పేరు మార్చి మళ్లీ ఆడించినవి. ఇవాళ ఓపిగ్గా చదవదగ్గవి ఆరేడుకు మించి ఉండవని నా అభిప్రాయం. ఎవరిని అడిగినా ముందు 'లండన్ అష్యూరెన్స్'తో మొదలుపెట్టమంటారు, పెద్ద థియేటర్లు మళ్లీ మళ్లీ వేసేది అదే కాబట్టి. నేనైతే అలా చెప్పను. ఒక్కటే చదివే టైముంటే 'ది షాక్రాన్' చదవండి. రెండు చదవగలిగితే దానికి 'ది ఆక్టరూన్' కలపండి. మిగతావి మీరు ఎందుకు చదువుతున్నారన్నదాన్ని బట్టి.

మనిషి గురించి ముందు కొంచెం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. 1820 డిసెంబరులో డబ్లిన్‌లో పుట్టాడు. ఇంటిపేరు ఇచ్చింది శామ్యూల్ బూర్సికో అనే వైన్ వ్యాపారి, కానీ అసలు తండ్రి అప్పట్లో విజ్ఞాన సర్వస్వాలు తీసి పేరు తెచ్చుకున్న డయొనీసియస్ లార్డ్‌నర్ అని చాలామంది జీవితచరిత్రకారులు నమ్ముతారు. పిల్లాడికి పెట్టిన పేరూ అదే, చదువుకి డబ్బు కట్టిందీ ఆయనే, కాబట్టి పెద్దగా వాదించడానికి ఏమీ లేదు. కుర్రాడు చదువు మధ్యలో వదిలేసి లీ మోర్టన్ అనే మారుపేరుతో ఇంగ్లండు చిన్న ఊళ్లలో వేషాలు వేయడం మొదలుపెట్టాడు. అంటే రచయిత కంటే ముందు నటుడు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలు, అతని నాటకాల్లో ఏవి గట్టివో ఏవి డొల్లో సగం తెలిసిపోతుంది. తన కోసం తాను వేషం రాసుకున్న నాటకాల్లో ఉన్న ప్రాణం మిగతావాటిలో కనబడదు.

ఇక 'లండన్ అష్యూరెన్స్' సంగతి. 1841 మార్చి 4న కోవెంట్ గార్డెన్‌లో మొదటిసారి ఆడారు, అప్పటికి రచయితకి ఇరవై ఏళ్లు. యవ్వనం దాటినా ఒప్పుకోని సర్ హార్కోర్ట్ కోర్ట్‌లీ అనే సోకులరాయుడు పద్దెనిమిదేళ్ల గ్రేస్‌ని పెళ్లాడటానికి పల్లెటూరి బంగళాకి వస్తాడు, అక్కడే అతని కొడుకు వేరే పేరుతో దిగబడి అదే అమ్మాయిని ప్రేమిస్తాడు, మధ్యలో లేడీ గే స్పాంకర్ అని గుర్రాల పిచ్చి ఉన్న ఒక మహాతల్లి వచ్చి అందర్నీ ఒక ఆట ఆడిస్తుంది. డైలాగులు చకచకా నడుస్తాయి, నవ్వొస్తుంది, అందులో అనుమానం లేదు. అప్పట్లో ఆ థియేటర్ నడిపిన మేడమ్ వెస్ట్రిస్, చార్లెస్ మాథ్యూస్ దంపతులు దీన్ని నిజమైన గదిలా కనిపించే సెట్టుతో, తివాచీలతో, అసలు సామాన్లతో వేసి అప్పటి ప్రేక్షకుల కళ్లు చెదిరేలా చేశారు. 2010లో లండన్ నేషనల్ థియేటర్ సైమన్ రసెల్ బీల్‌తో, ఫియోనా షాతో వేసినప్పుడు కూడా హాలు బాగా నవ్వింది.

మరి ఎందుకు వద్దంటున్నాను? వద్దనడం లేదు, మొదట వద్దంటున్నాను. ఇది అంతకు ముందు వందేళ్ల ఇంగ్లీషు కామెడీలన్నీ నమిలి మింగిన కుర్రాడు తనూ అలా రాయగలనని చూపించుకున్న నాటకం. ఇందులో ఐర్లండ్ లేదు, బూసికో నటించగల పాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు, అతనికి తర్వాత పేరు తెచ్చిన హడావిడి దృశ్యాలూ లేవు. పైగా ఇందులో తన చెయ్యి కూడా ఉందని జాన్ బ్రౌహమ్ అనే మరో ఐరిష్ నటుడు తర్వాత చెప్పుకున్నాడు. మీరు పాత ఇంగ్లీషు కామెడీ ఇష్టపడేవాళ్లయితే, షెరిడన్‌ని చదివి ఆనందించినవాళ్లయితే, నేరుగా దీంతోనే మొదలుపెట్టండి, నా మాట పట్టించుకోకండి. బూసికో ఎవరో తెలుసుకోవాలనుకుంటే మాత్రం ఇది పక్కదారి.

'ది కార్సికన్ బ్రదర్స్' గురించి ఎక్కువ చెప్పను. 1852, చార్లెస్ కీన్ కంపెనీ, ఫ్రెంచి నుంచి అనుసరణ, కవల అన్నదమ్ములు, ఒకడు చనిపోతే ఇంకొకడికి దెయ్యమై కనిపిస్తాడు. ఆ దెయ్యం నేలలోంచి లేస్తూ స్టేజీ మీద జారుకుంటూ వచ్చేలా ఒక ప్రత్యేక యంత్రం కట్టారు, దానికి తర్వాత 'కార్సికన్ ట్రాప్' అనే పేరు స్థిరపడింది. విక్టోరియా రాణి మళ్లీ మళ్లీ వచ్చి చూసింది. కాగితం మీద చదివితే ఆ యంత్రం ఉండదు కదా, మిగిలేది పల్చటి కథ. వదిలేయండి.

అసలు కష్టమైన ఎంపిక ఇక్కడి నుంచి. 1853లో బూసికో ఆగ్నెస్ రాబర్ట్‌సన్ అనే నటితో అమెరికా వెళ్లాడు. అక్కడ రాసిన వాటిలో రెండు పోటీకి నిలబడతాయి, 'ది పూర్ ఆఫ్ న్యూయార్క్', 'ది ఆక్టరూన్'.

'ది పూర్ ఆఫ్ న్యూయార్క్' 1857 డిసెంబరులో వచ్చింది, అంటే ఆ ఏడాది అమెరికాలో బ్యాంకులు కుప్పకూలి వేలమంది రోడ్డున పడ్డ కొద్ది నెలలకే. కథ 1837 సంక్షోభంతో మొదలవుతుంది. ఒక ఓడ కెప్టెన్ బ్యాంకులో దాచిన లక్ష డాలర్లని బ్యాంకరు నొక్కేస్తాడు, కెప్టెన్ చనిపోతాడు, రసీదు గుమాస్తా చేతిలో ఉండిపోతుంది, ఇరవై ఏళ్ల తర్వాత ఆ కుటుంబం అద్దె కట్టలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ రసీదు మళ్లీ బయటికొస్తుంది. చివర్లో స్టేజీ మీద ఇల్లు తగలబడుతుంది, ఫైరింజన్ వస్తుంది. మూలం ఫ్రెంచిదే, పేదల ఊరు పారిస్. బూసికో దాన్ని న్యూయార్క్ చేశాడు, 1864లో లివర్‌పూల్‌లో లివర్‌పూల్ పేదలు చేశాడు, లండన్‌లో 'ది స్ట్రీట్స్ ఆఫ్ లండన్' చేశాడు. ఏ ఊరికి తగ్గ వీధుల పేర్లు ఆ ఊరికి. సిగ్గులేని వ్యాపారం అనొచ్చు, కానీ ప్రేక్షకుడికి తన వీధి స్టేజీ మీద కనబడితే కదిలిపోతాడని కనిపెట్టిన తెలివి కూడా అందులోనే ఉంది. మధ్యతరగతి పేదరికం మీద ఒక పెద్ద మాట ఉంటుంది ఇందులో, చిరిగిన కోటు కనబడకుండా దాచుకునేవాడే అసలు పేదవాడు అనే అర్థంలో, అది ఇప్పటికీ తగులుతుంది. మిగతా అంతా మంచివాళ్లు మరీ మంచివాళ్లు, చెడ్డవాడు మరీ చెడ్డవాడు.

'ది ఆక్టరూన్' వేరే స్థాయి. 1859 డిసెంబరు 6న న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన. బానిసత్వానికి వ్యతిరేకంగా ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్‌ని ఉరితీసి అప్పటికి నాలుగు రోజులు. అలాంటి వారంలో, లూసియానాలోని ఒక తోటలో పెరిగిన జోయీ అనే అమ్మాయిని, రక్తంలో ఎనిమిదో వంతు నల్లజాతి ఉన్నందుకు (ఆక్టరూన్ అంటే అదే), బల్ల మీద నిలబెట్టి వేలం వేసే దృశ్యం చూపించాడు. ఆమెని ప్రేమించిన జార్జ్ ఆమెని చట్టప్రకారం పెళ్లి చేసుకోలేడు. విలన్ మెక్లోస్కీ 25,000 డాలర్లకి పాడుకుంటాడు. ఇందులో ఒక హత్య కూడా ఉంది, ఆ హంతకుడిని పట్టించేది ఎదురుగా పెట్టి ఉంచిన ఫోటో కెమెరా! 1859లో ఫోటో సాక్ష్యంగా కథ నడపడమంటే మాటలు కాదు. ఆపైన స్టీమరు తగలబడటం అదనం.

మెచ్చుకోవడం ఇంతవరకే. ఇందులో నల్లజాతి పనివాళ్లని నవ్వించడానికి వాడుకున్న తీరు ఇవాళ చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. బూసికో తనే వానోటీ అనే ఆదివాసీ వేషం వేశాడు, మొహానికి రంగు పూసుకుని. బానిసత్వం తప్పని నాటకం చెబుతోందా, లేక రెండు పక్షాల టిక్కెట్లూ కావాలని జాగ్రత్తగా మధ్యలో నడుస్తోందా అన్నది అప్పటి పత్రికల్లోనే గొడవ, ఇప్పటికీ తేలలేదు. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. అయినా చదవమంటున్నాను, ఎందుకంటే వేలం దృశ్యం రాసినవాడి లెక్కల్ని దాటి వెళ్లిపోతుంది. చదివాక వెంటనే 2014లో బ్రాండెన్ జేకబ్స్-జెన్కిన్స్ దీన్ని పట్టుకుని తిరగేసి రాసిన 'యాన్ ఆక్టరూన్' కూడా చదవండి. ఒక నల్లజాతి నాటకకర్త ఈ పాత నాటకంతో ఎలా తలపడ్డాడో చూస్తే, బూసికోని ఎక్కడ క్షమించొచ్చో ఎక్కడ కూడదో మీకు మీరే తేల్చుకోగలరు.

మన వాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి, 'జెస్సీ బ్రౌన్ లేక లక్నో విముక్తి'. లక్నోలో చిక్కుకున్న ఇంగ్లీషువాళ్లని 1857 నవంబరులో బయటికి తీశారు, 1858 ఫిబ్రవరికల్లా న్యూయార్క్‌లో నాటకం ఆడేసింది. ఆగ్నెస్‌ది స్కాట్లండ్ పిల్ల జెస్సీ వేషం, దూరం నుంచి వస్తున్న సైన్యం బ్యాగ్‌పైపుల మోత అందరికంటే ముందు ఆమెకి వినబడుతుంది. నానా సాహెబ్‌గా బూసికోనే వేశాడు, ఆ పాత్ర వేస్తే జనం తిడతారని వేరే నటులు వెనక్కి తగ్గారట. ఈ నాటకంలో నానా సాహెబ్ తెల్ల మహిళ మీద కన్నేసిన దుర్మార్గుడు, లక్నో ముట్టడికి నాయకుడు. చరిత్రలో ఆయన నడిపింది కాన్పూరు పోరాటం, లక్నోది కాదు. ఒక ఐరిష్‌వాడు, అదే సామ్రాజ్యం కింద నలిగిన దేశం నుంచి వచ్చినవాడు, మన తిరుగుబాటుని ఇలా చూపించడం చిరాకు తెప్పిస్తుంది. పదేళ్లు తిరక్కుండా అదే మనిషి ఐరిష్ తిరుగుబాటుదార్లని హీరోల్ని చేసి జనం చేత చప్పట్లు కొట్టించాడు. కాబట్టి ఇది నాటకంగా చదవొద్దు, ఐరిష్ నాటకాలు పూర్తయ్యాక ఆ తేడా చూడటానికి చదవండి. వలస పాలన మీద పరిశోధన చేసేవాళ్లకైతే ముందే పనికొస్తుంది.

ఇక ఆ ఐరిష్ మూడూ. అందరూ వీటిని వచ్చిన వరసలో చదవమంటారు, 1860లో 'ది కొలీన్ బాన్', 1864లో 'అరా నా పోగ్', 1874లో 'ది షాక్రాన్'. నేను వెనక నుంచి ముందుకి రమ్మంటాను.

'ది కొలీన్ బాన్'కి ఒక నిజమైన హత్య ఆధారం. 1819లో ఎలెన్ హాన్లీ అనే పల్లెటూరి పిల్లని రహస్యంగా పెళ్లి చేసుకున్న జాన్ స్కాన్లన్ అనే పెద్దింటి అబ్బాయి, ఆమె వద్దనిపించగానే నౌకరు చేత చంపించి షానన్ నదిలో పడేయించాడు. కోర్టులో అతని తరఫున వాదించింది స్వయంగా పేరుమోసిన ఐరిష్ నాయకుడు, లాయరు డేనియల్ ఓ'కానెల్, అయినా 1820లో ఉరి తప్పలేదు. 1829లో జెరాల్డ్ గ్రిఫిన్ దీన్ని నవల చేశాడు, బూసికో ఆ నవలని పట్టుకుని చోటుని అందమైన కిలార్నీ సరస్సుల దగ్గరికి మార్చి, చివర్లో అమ్మాయిని బతికించాడు. బతికించేది మైల్స్ నా కొప్పలీన్, దొంగసారా కాచుకునే అల్లరివాడు, ఆమెని ఊరికే ప్రేమించేవాడు. నీళ్ల గుహలో నౌకరు ఆమెని తోసేస్తే మైల్స్ పైనుంచి సరస్సులోకి దూకి కాపాడతాడు. నీళ్లంటే పల్చటి నీలం బట్టలు, కింద నుంచి వాటిని ఊపే పిల్లలు. సురభివాళ్ల మాయాబజార్ చూసినవాళ్లకి ఆ థ్రిల్ ఏంటో వేరే చెప్పక్కర్లేదు. మైల్స్ వేషం బూసికోది, ఆ అమ్మాయి ఎయిలీ వేషం ఆగ్నెస్‌ది. న్యూయార్క్ తర్వాత లండన్ అడెల్ఫీ థియేటర్లో 200 రాత్రులకి పైగా ఆడింది, అప్పటికి అది మామూలు విషయం కాదు. విక్టోరియా రాణి దీన్ని మూడుసార్లు చూసింది.

డబ్బు పరంగా కూడా ఇదే మలుపు. అప్పటిదాకా రచయిత నాటకాన్ని ఒక మొత్తానికి అమ్మేసి చేతులు దులుపుకునేవాడు, నాటకం వంద రోజులు ఆడినా అతనికి పైసా పెరిగేది కాదు. బూసికో వసూళ్లలో వాటా అడిగి తీసుకున్నాడు, ఒక నాటకంతో ఒక కంపెనీనే తయారు చేసి ఊళ్లు తిప్పాడు. దీనికి ముందే 1856లో అమెరికాలో నాటకం ఆడించే హక్కు రచయితదేనని చట్టం రావడానికి పట్టుబట్టినవాళ్లలో అతనూ ఒకడు. అదే మనిషి 1868లో 'ఆఫ్టర్ డార్క్'లో రైలు పట్టాల మీద పడి ఉన్నవాడిని ఆఖరి క్షణంలో తప్పించే సీను పెడితే, అది నాదని అమెరికన్ నాటకకర్త ఆగస్టిన్ డేలీ న్యూయార్క్ కోర్టుకెక్కాడు, డేలీనే గెలిచాడు. కాపీరైట్ చదివే లా విద్యార్థులకి ఈ కేసు ఇప్పటికీ తగులుతుంటుంది. నాటకం మటుకు చదవక్కర్లేదు.

చదవడానికి 'కొలీన్ బాన్' కొంచెం బరువు. అప్పుల తాకట్టు, చేతి తొడుగు గుర్తు, అపార్థాలు, ఉత్తరాలు, ఇలా ముడి మీద ముడి. మైల్స్ స్టేజీ మీద ఉన్నంతసేపు బాగుంటుంది, హీరో హార్డ్రెస్ వచ్చాడంటే పేజీలు తిప్పాలనిపిస్తుంది. దీన్ని మూడోదిగా చదివితే ఆ లోపాలు అంత బాధపెట్టవు.

'అరా నా పోగ్' 1864 నవంబరులో డబ్లిన్‌లోనే మొదలైంది, బ్రిటిష్ పాలన మీద 1798లో జరిగిన ఐరిష్ తిరుగుబాటు నేపథ్యం, విక్లో కొండలు. జైల్లో ఉన్న తిరుగుబాటుదారుడికి చీటీని నోట్లో దాచుకుని ముద్దుతో అందించిన అరా కథ. పెళ్లిరోజున ఆమె మీద దొంగతనం మోపితే పెళ్లికొడుకు షాన్ నేరం తన మీద వేసుకుంటాడు. మిలిటరీ కోర్టులో షాన్ విచారణ ఉంది చూడండి, నవ్వుతూ నవ్వుతూ అధికారుల పరువు తీసేస్తాడు, బూసికో రాసిన అన్ని సీన్లలో నాకు బాగా ఇష్టమైన రెండిట్లో ఇదొకటి. ఇందులోనే పచ్చరంగు వేసుకుంటే ఉరి తీస్తున్నారన్న పాత పాటని కొత్త మాటలతో పెట్టాడు, ఐరిష్‌వాళ్లకి అది జాతీయగీతమంత అయింది. మీకు రాజకీయం ముఖ్యమైతే మూడిట్లో ఇది ముందు.

నా ఓటు మాత్రం 'ది షాక్రాన్'కే. న్యూయార్క్ వాలాక్స్ థియేటరు, 1874 నవంబరు 14. ఊరి మీద తిరిగే కాన్ అనే ఆకతాయి వేషం బూసికోది, అప్పటికి ఆయనకి యాభై మూడు దాటాయి, ఆ కుర్ర వేషంలో గోడలు దూకాడు. మొదటి సీను చాలు మీకు అర్థం కావడానికి. ఇంగ్లీషు కెప్టెన్ మోలినో వెన్న చిలుకుతున్న అమ్మాయిని పనిపిల్ల అనుకుని సరసాలాడతాడు, ఆమె అతని చేతే వెన్న చిలికించి, ఊరి పేరు కూడా సరిగ్గా పలకడం రాదని దెప్పిపొడుస్తుంది, తీరా చూస్తే ఆమె ఆ ఇంటి అమ్మాయి క్లెయిర్. ఆస్ట్రేలియా ద్వీపాంతరం నుంచి తప్పించుకొచ్చిన ఆమె అన్న రాబర్ట్ ఫీనియన్ విప్లవకారుడు, అంటే ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసం బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడ్డ రహస్య సంఘం మనిషి, అతన్ని పట్టుకోవాల్సింది ఈ కెప్టెనే. చెడ్డవాళ్లు ఇంగ్లీషువాళ్లు కారు, భూమి మీద ఆశపడ్డ స్థానిక పెద్దమనిషి, పోలీసులకి ఉప్పందించే హార్వీ డఫ్. ప్రేక్షకుల్లో ఏ పక్షం వాళ్లు కూర్చున్నా ఈలలు వేయడానికి వీలుండేలా కట్టిన కథ అది, అంత ఒడుపుగా కట్టడం ఎంత కష్టమో నాటకాలు రాసేవాళ్లకి తెలుస్తుంది.

నాకిష్టమైన రెండో సీను ఇందులో ఉంది. కాన్ చనిపోయాడనుకుని శవజాగరణ చేస్తుంటారు, ఊరి ఆడవాళ్లు కూర్చుని అతని గుణగణాలు పాడుతూ ఏడుస్తుంటారు, పక్కన విస్కీ. శవం మధ్యమధ్యలో లేచి ఒక గుక్క తాగి మళ్లీ పడుకుంటుంది. తన గురించి ఇంత మంచి బతికుండగా ఎవరూ చెప్పలేదే అన్నట్టు వింటుంటాడు కాన్. కాగితం మీద కూడా నవ్వు పుట్టించే సీను ఇది.

ఈ నాటకం లోకాన్ని ఎంత దూరం ముట్టుకుందంటే, 1876లో బూసికో ప్రధానమంత్రి డిజ్రేలీకి బహిరంగ లేఖ రాసి ఫీనియన్ ఖైదీలని వదలమని అడిగాడు. తర్వాత పెద్ద ఐరిష్ నాటకకర్త అయిన షాన్ ఓ'కేసీ కుర్రతనంలో ఇందులో ఫాదర్ డోలన్ వేషం వేశాడు, ఆ వేదికే తర్వాత డబ్లిన్‌లోని ఐరిష్ జాతీయ నాటకశాల ఆబీ థియేటర్ అయింది. బూసికో మార్కు కోతి చేష్టల ఐరిష్‌వాడిని స్టేజీ మీంచి తరిమేయాలని పుట్టిన ఆబీయే 1967లో సిరిల్ క్యుసాక్‌ని కాన్‌గా పెట్టి ఇదే నాటకాన్ని వేసింది, జనం విరగబడ్డారు.

మీది నాటక సమాజం అయ్యి తెలుగులో వేద్దామనుకుంటే కూడా నేను ఇదే చెబుతాను, మొత్తం కాకపోయినా ఆ జాగరణ సీను చుట్టూ ఒక నాటిక అల్లుకోవచ్చు. బూసికో చచ్చి వందేళ్లు దాటింది, హక్కుల గొడవ లేదు, పైగా ఊరు మార్చి వేయడం ఆయన అలవాటే. 'ఆక్టరూన్' మాత్రం పరిషత్తుకి పట్టుకెళ్లకండి. రంగు పూసుకుని వేసే వేషాలు ఎంత సదుద్దేశంతో వేసినా బెడిసికొడతాయి.

మనిషి జీవితమే కావాలి, నాటకాలు పర్లేదు అనుకునేవాళ్లు 'జెస్సీ బ్రౌన్' నుంచి 'షాక్రాన్' దాకా తేదీల వరసలోనే చదవండి, ఎందుకంటే ఆ పదహారేళ్లలోనే డబ్బు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. తర్వాతదంతా దిగుడే. 1885లో ఆస్ట్రేలియా టూర్లో లూయీజ్ థార్న్‌డైక్ అనే కుర్ర నటిని పెళ్లి చేసుకున్నాడు, ఆగ్నెస్‌తో విడాకులు కాకుండానే. అసలు ఆగ్నెస్ తన భార్యే కాదన్నాడు, తమ పిల్లల సంగతి ఏమవుతుందో కూడా చూడకుండా. ఎన్ని నాటకాలు బాగున్నా ఈ పని సమర్థించలేం. చివరికి న్యూయార్క్‌లో నటన పాఠాలు చెప్పుకుంటూ 1890 సెప్టెంబరు 18న పోయాడు.

ప్రతులు తీసుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఈ నాటకాలన్నీ హక్కులు ముగిసినవే, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కానీ 'ఆక్టరూన్'కి రెండు ముగింపులున్నాయి. అమెరికాలో జోయీ విషం తాగి చనిపోతుంది. 1861లో లండన్ ప్రేక్షకులు అది ఒప్పుకోకపోతే ఆమెని బతికించి జార్జ్‌తో కలిపేశాడు. మీ చేతిలో ఉన్నది ఏదో చివరి పేజీ చూసి తెలుసుకోండి, అమెరికా ముగింపుదే తీసుకోండి. రెండోది, ఐరిష్ పాత్రల మాటల్ని బూసికో యాస పలికినట్టే స్పెల్లింగు మార్చి రాశాడు, కళ్లతో చదివితే మొదటి పది పేజీలు అయోమయంగా ఉంటాయి. పైకి చదవండి, కాన్ మాట్లాడే ఇంగ్లీషు రెండో సీనుకల్లా అలవాటైపోతుంది.